పైసల మాట రాగానే లేచి బయటికి పోకండి, అయ్యగారూ

నల్లగొండ, పాలమూరు జిల్లాల క్రైస్తవ సంఘాల పాస్టరు అయ్యగార్లకు, పెద్దలకు, యూత్ కమిటీల వారికి,

క్రీస్తు నామంలో వందనాలు.

వేసవి సభలు దగ్గరపడుతున్నాయి. బడులకు సెలవులు ఇవ్వగానే మన ఊళ్లలో షామియానాలు లేస్తాయి, మైకులు కడతారు, బయటి నుంచి ప్రసంగీకులు వస్తారు. మూడు రాత్రుల సభల్లో ఒక రాత్రి తప్పకుండా లోకాశల మీద ఉంటుంది. ఏం చెబుతారో మాకు ముందే తెలుసు. సినిమాలు వద్దు, సీరియళ్లు వద్దు, బొట్టు వద్దు, పూలు వద్దు, నగలు వద్దు. ముందు పట్టాల మీద కూర్చున్న ఆడవాళ్లం తల వంచుకుని వింటాం. వెనక కుర్చీల్లోని మగవాళ్లు గట్టిగా ఆమేన్ అంటారు.

నేను దేవరకొండ దిక్కు ఒక సంఘంలో సండే స్కూలు చెబుతాను. మిగతా వారమంతా సర్కారు బడిలో పంతులమ్మను. ఎవరినో రచ్చకీడ్చాలని ఇది రాయడం లేదు, అందుకే ఏ ఊరి పేరూ, ఏ మనిషి పేరూ పెట్టడం లేదు. నా మనవి ఒక్కటే. లోకాన్ని మీరు మా నొసళ్ల మీద, మా జడల్లో వెతుకుతున్నారు. అది మన సంఘాల్లోకి పైసల దారిన వస్తోంది. ఆ దారిలో మీరెవరూ కాపలా కనిపించడం లేదు.

ఒక పెళ్లి మాటల సంగతి చెబుతాను. రెండు కుటుంబాలూ విశ్వాసులే. ముందు పాట పాడారు, వాక్యం చదివారు. ఇస్సాకుకు దేవుడు రిబ్కాను ఎలా చూపించాడో అయ్యగారు చక్కగా చెప్పారు. చాయ్ తాగాం. గ్లాసులు తీసేశాక పిల్లగాడి మేనమామ గొంతు సవరించుకుని, “ఇగ మిగతా మాటలు కూడా అనుకుంటే అయిపోతది” అన్నాడు. అయ్యగారు ఫోను చూసుకుంటూ లేచి వాకిట్లోకి వెళ్లారు. వేపచెట్టు కింద నిలబడి ఎవరితోనో మాట్లాడుతూ ఉండిపోయారు. లోపల పది తులాలా పన్నెండు తులాలా, బండి బుల్లెట్టా మామూలుదా, ప్లాటు రిజిస్ట్రేషన్ పెళ్లికి ముందా తర్వాతా, అంతా తేలింది. మేం వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాం. పిల్ల కూడా విన్నది. బేరం కుదిరాక ఒక పిల్లవాడు పోయి అయ్యగారిని పిలుచుకొచ్చాడు. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కళ్లు మూసుకుని, ఈ సంబంధం నీ చిత్తమే ప్రభువా అని స్తోత్రం చెల్లించి ముగింపు ప్రార్థన చేశారు.

ఇది ఆ ఒక్క ఇంటి ముచ్చటేనా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి, మీలో ఎంతమంది ఆ వేపచెట్టు కింద నిలబడలేదు?

సభల్లో నగలు వద్దన్నప్పుడు ఆమేన్ అన్న నోళ్లే ఆ ఇంట్లో పన్నెండు తులాలు అడిగాయి. జడలు, బంగారు నగల గురించి చెప్పడానికి మీరు తీసే వాక్యం పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలోది. అదే పత్రికలో ఇంకో రెండు అధ్యాయాలు ముందుకు పోతే, అయిదులో, పెద్దలకు రాసిన మాట ఉంది. మందను దుర్లాభాపేక్షతో కాక సిద్ధమనస్సుతో కాయండి అని. మూడో అధ్యాయం మాకు కంఠతా వచ్చు. అయిదో అధ్యాయం మీద ప్రసంగం విన్న గుర్తు మాత్రం మా స్త్రీల సమాజంలో ఎవరికీ లేదు.

వాక్యం సంగతి అటుంచినా చట్టం ఉంది కదా. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఇచ్చినా, పుచ్చుకున్నా, అందుకు తోడ్పడినా కనీసం అయిదేళ్ల జైలు అంటుంది. తోడ్పడినవాళ్లలో బేరం ముగిశాక వచ్చి ప్రార్థన చేసినవాళ్లు కూడా వస్తారో రారో వకీళ్లను అడిగి తెలుసుకోండి.

మన పెద్దల కథ కొంచెం గుర్తు చేయనివ్వండి. కృష్ణకు అవతల ఒంగోలులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో బాప్తిస్మానికి వచ్చిన మాదిగలకు మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆ మిషన్‌లోనే. ఆ బాప్టిస్టుల పనే తర్వాత మన దిక్కు వచ్చింది. 1885లో పాలమూరులో, 1890లో నల్లగొండలో మిషన్ మొదలైంది. నల్లగొండకు వచ్చిన ఫ్రీసన్ దంపతులు రష్యా దేశపు మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవారు. 1899 నుంచి అమెరికా మెన్నొనైట్ బ్రదరన్ వారు వచ్చి, పోనుపోను నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, గద్వాల దాకా మిషన్ స్టేషన్లు నడిపారు.

ఆ మూడు నియమాలూ ఈ రోజు వింటే చిన్నవిగా అనిపిస్తాయి. అప్పట్లో అవి బువ్వకు దెబ్బ కొట్టే నియమాలు. ఊరి పెద్ద పిలిస్తే ఆదివారమని చూడకుండా పోవలసిన బతుకు. జాతరలో డప్పు కొట్టకపోతే ఊరికి కోపం. చచ్చిన గొడ్డు వద్దంటే ఆ పూట పొయ్యి మీదికి ఏమీ లేదు. కరణాలు, మునసబులు పగబట్టారు, పనులు ఆపారు, అయినా వాళ్లు నిలబడ్డారు. వాళ్ల విశ్వాసం వాళ్ల కూలిని, వాళ్ల తిండిని తాకింది.

ఈ రోజు మీరు పెట్టే నియమాలు ఎవరి కూలిని తాకుతున్నాయి? నేను బొట్టు పెట్టుకోకపోతే ఎవరికీ ఒక్క రూపాయి నష్టం లేదు. ఒక పెద్దమనిషి కట్నం తీసుకోకపోతే లక్షలు పోతాయి. నష్టం లేని చోట గట్టిగా, నష్టమున్న చోట మెల్లగా మాట్లాడటం మనకు బాగా అలవాటైపోయింది.

మిత్తి సంగతికి వస్తాను, ఎందుకంటే కట్నం వెనకాల వచ్చేది అదే. పిల్ల తండ్రి అప్పు ఎక్కడ తెస్తాడు? బ్యాంకు తిప్పి తిప్పి పంపుతుంది. చివరికి సంఘంలోనే ఉన్న ఒక పెద్ద దగ్గరికి పోతాడు. నూటికి మూడు రూపాయల మిత్తి. అవసరం ఎక్కువైతే అయిదు. నెలకు మూడు అంటే ఏడాదికి 36, అయిదు అంటే 60. ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకున్న చేతులే నెల మొదటి ఆదివారం రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల మధ్య తిరుగుతాయి. అప్పున్నవాడు ఆ పళ్లెంలోంచి ముక్క తీసుకుంటూ తల ఎత్తడు. నేను కళ్లారా చూసిన సంగతి ఇది. ప్రభు బల్ల దగ్గర ఒక మనిషి ఇంకో మనిషి మొహం చూడలేకపోవడం కన్నా పెద్ద లోకం ఏముంటుంది?

నెహెమ్యా గ్రంథం అయిదో అధ్యాయం చదవండి. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టి, కన్నబిడ్డలను దాసులుగా ఇచ్చుకున్న జనం ఏడుస్తూ వచ్చారు. అధికారిగా ఉన్న నెహెమ్యాకు మిక్కిలి కోపం వచ్చింది. ప్రధానులను సమాజం ముందు నిలబెట్టి గద్దించాడు. తిరిగి ఇచ్చేయమన్నాడు. తీసుకున్న నూరో భాగం కూడా ఇచ్చేయమన్నాడు. ఆ నూరో భాగం నెలనెలా తీసుకున్న వడ్డీ అని వ్యాఖ్యానం రాసినవాళ్లలో చాలామంది అంటారు. అంటే మన లెక్కలో నూటికి రూపాయి. రూపాయి మిత్తికే ఆయన అంత మండిపడ్డాడు. మన దగ్గర మూడు రూపాయలు తీసుకునేవారికి క్రిస్మస్ నాడు శాలువా కప్పుతున్నాం.

మా దగ్గర ఒక గుంపు మేస్త్రీ ఉన్నాడు. పాలమూరు లేబరుతో కలిసి పూనా, బొంబాయి దిక్కు కట్టడాల పనులకు పోతుంటాడు. కూలీలకు అడ్వాన్సు ఇస్తాడు, దాని మీద మిత్తి పట్టడు. తోటి మేస్త్రీలు నవ్వుతారు. అడిగితే, “వాళ్ల చెమట మీద ఒకసారి తింటున్న గదా టీచరమ్మా, రెండోసారి ఎందుకు” అన్నాడు. ఆయన పేరు పెద్దల కమిటీకి ఎన్నడూ రాలేదు. పదో వంతు కానుకలు రాసే దశమభాగం రిజిస్టరులో కింద ఉంటాడు మరి.

ఇక పిల్లల ఫోన్లు. మీరు రీల్స్ గురించి తిడుతున్నారు, మంచిదే. బెట్టింగ్ అనే మాట మాత్రం పుల్పిట్ మీద నేను వినలేదు. ఆరాధనలో ప్యాడ్స్ వాయించే ఒక పిల్లగాడు, బంగారం లాంటి పిల్లగాడు, పాటల పుస్తకం కింద ఫోను పెట్టుకుని స్కోరు చూస్తుంటే ఆటపిచ్చి అనుకున్నాం. మొదట రెండు వందలు వేశాడట, ఎనిమిది వందలు వచ్చాయి. ఆ ఎనిమిది వందలే వాడిని ముంచాయి. తర్వాత గెలిచినట్టు తెరమీద అంకె కనిపిస్తుంది గాని తీసుకోబోతే ఇంకొంత వేస్తేనే తీయనిస్తాం అంటుంది యాప్. వేశాడు. తల్లి మహిళా సంఘంలో తెచ్చిన లోను అందులో పోయింది. అది పూడ్చడానికి లోన్ యాప్. లోన్ యాప్ వాళ్లు ఫోనులోని నంబర్లన్నింటికీ వాడి ఫొటో మార్చి పంపుతామని బెదిరించారు.

తెలంగాణలో పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు 2017 నుంచీ నిషేధమే. 2025 ఆగస్టులో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఆ ఏడాది మార్చిలోనే ఈ యాప్‌లకు ప్రచారం చేసిన సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద హైదరాబాదులో కేసులు పెట్టారు. అయినా టెలిగ్రామ్ లింకుల్లో వస్తూనే ఉన్నాయి. ఇలాంటి మోసం జరిగితే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలని ఎంతమంది యూత్ లీడర్లకు తెలుసు? వచ్చే ఆదివారం ప్రకటనల్లో ఈ నంబరు చదవడానికి అర నిమిషం పట్టదు.

ఆ పిల్లగాడిని నేను అడిగాను, ముందే అయ్యగారికి ఎందుకు చెప్పలేదురా అని. “సంఘం ముందు నిలబెడతారు టీచర్” అన్నాడు. అంతకన్నా నన్ను కలవరపెట్టిన మాట ఇంకోటి అన్నాడు. “వెయ్యి విత్తితే పదివేలు కోస్తావని కానుకల టైంలో చెప్తారు గదా, అట్లనే అనుకున్న.” వాడు వెక్కిరించడం లేదు. నిజంగానే అట్లా అనుకున్నాడు. విత్తన కానుక అని పేరు పెట్టి మీరు ఆదివారం చెప్పేదానికీ, సోమవారం యాప్ చెప్పేదానికీ తేడా పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఎట్లా తెలుస్తుంది? ఆశ పుట్టించడంలో రెండూ ఒక్క తీరే. అందరూ అలా ప్రసంగిస్తారని నేననను. అలా ప్రసంగించేవారిని సభలకు పిలిచి, ఫ్లెక్సీల మీద నిలువెత్తు ఫొటోలు వేయించేది మాత్రం మనమే.

మందు గురించి ఎక్కువ రాయను. బెల్టు షాపుల మీద మీరు మాట్లాడుతూనే ఉన్నారు, ఆ విషయంలో ఆడవాళ్లందరం మీ వెనకే ఉన్నాం.

ఎన్నికలు వేరే ముచ్చట. 2022 నవంబర్ 3న మునుగోడు ఉప ఎన్నిక జరిగింది. ఓటుకు ఎంత పంచారన్నది అప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. ఆ పైసలు విశ్వాసుల ఇళ్ల గడప దగ్గరే ఆగిపోయాయని మీలో ఎవరైనా చెప్పగలరా? మునుగోడు ఒక్కటే కాదు, సర్పంచు ఎన్నిక దాకా అంతే. చేతికి కవరు ఇచ్చి దేవుడి మీద ఒట్టు వేయించుకుంటారు. మన పెద్దలకు సువార్త తెచ్చిన మెన్నొనైట్లు కోర్టులో కూడా ఒట్టు వేయనివారు, అవునంటే అవును కాదంటే కాదు అన్న ప్రభువు మాట పట్టుకుని. వాళ్ల సంఘాల్లో పెరిగినవాళ్లం మనం ఓటు కవరు మీద ఒట్టు వేస్తున్నాం. “తీసుకుంటే ఏమైతది, వేసేది మనకు ఇష్టమైనోళ్లకే గదా” అంటారు కొందరు. అంటే లంచంతో పాటు అబద్ధపు ఒట్టు కూడా అన్నమాట.

ఇక సంఘానికి సంఘమే తీసుకోవడం. ఎన్నికల నెలలో ప్రహరీ గోడ లేస్తుంది, కొత్త సౌండ్ బాక్సులు వస్తాయి, అభ్యర్థికి ఆదివారం మైకు ఇస్తారు. ఒక మందిరంలో ప్లాస్టిక్ కుర్చీల వెనక ఎర్ర అక్షరాలతో దాత పేరు, పార్టీ గుర్తు రెండూ ఉన్నాయి. మోకాళ్ల మీద ప్రార్థన చేసి కళ్లు తెరిస్తే సరిగ్గా ముక్కు ముందర ఆ గుర్తే. నవ్వొచ్చింది, తర్వాత కడుపులో తిప్పింది.

ఇంకో మాట ఉంది. ఇది రాయాలా వద్దా అని తటపటాయించాను. సర్టిఫికెట్ల సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు మనల్ని చూసే చూపు మారలేదు, వాడ మారలేదు, హోదా మాత్రం పోతుంది. ఇది అన్యాయమని నా అభిప్రాయం. ఆ అన్యాయం మధ్య ఫారంలో మతం గడి నింపేటప్పుడు పదిహేనేళ్ల పిల్ల పెన్ను ఆపి నా వైపు చూస్తుంది. తల్లిదండ్రుల మీద గాని, పిల్లల మీద గాని నేను రాయి వేయను. నా కోపం మీ మౌనం మీద. ఆ టెన్షన్ మొత్తం పిల్లల నెత్తి మీద పెట్టి, ఆదివారం వాళ్ల చేత ధైర్యంగా సాక్ష్యం చెప్పమంటున్నాం. పెద్దలు కూర్చుని, చట్టం తెలిసినవాళ్లను పిలిచి, కుటుంబాలతో నిజాయితీగా మాట్లాడండి. హోదా కోసం అడగవలసి వస్తే పేరు పెట్టి బహిరంగంగా అడుగుదాం.

మీ ఇబ్బంది నాకు తెలియక కాదు. మన దిక్కు చాలామంది అయ్యగార్లకు జీతం లేదు. ఇంటి కిరాయి, పిల్లల ఫీజు, పెట్రోలు అన్నీ కానుకల పెట్టె లోంచే. పెట్టెలో ఎక్కువ వేసేది మిత్తికి ఇచ్చే పెద్దే. ఆయన అలిగి నలుగురిని వెంటేసుకుని పక్క వీధిలో ఇంకో సంఘం పెట్టుకుంటే మీ ఇంట్లో పొయ్యి వెలగదు. మీ ఇంటి అమ్మగార్లు మా దగ్గర చెప్పుకుని ఏడ్చిన సంగతులు ఉన్నాయి. అందుకే ఈ లేఖ అయ్యగార్లకు మాత్రమే రాయలేదు, పెద్దల కమిటీలకూ రాశాను. అయ్యగారు నిజం మాట్లాడిన నెలలో కానుకలు తగ్గితే ఆ లోటు మేం పూడుస్తాం అని కమిటీ ముందే తీర్మానం చేయాలి. పిడికెడు బియ్యం తీసే అలవాటు స్త్రీల సమాజాలకు ఎప్పటినుంచో ఉంది. మా వంతు మేం తీస్తాం.

లోకంలో నుంచి వీళ్లను తీసుకుపొమ్మని అడగడం లేదు, దుష్టుని నుంచి కాపాడమని అడుగుతున్నాను అని యేసుప్రభువు ప్రార్థించాడు, యోహాను 17లో. కాబట్టి పిల్లల ఫోన్లు గుంజుకోమని, పెళ్లిళ్లు మానమని, ఓటు వేయవద్దని నేను అడగడం లేదు. పెళ్లి మాటల్లో పైసల ముచ్చట వచ్చినప్పుడు మీరు కుర్చీలోనే కూర్చోండి. మీరు కదలకుండా కూర్చుంటే సగం బేరం అక్కడే ఆగిపోతుంది. ఆగకపోతే ముగింపు ప్రార్థన చేయకండి. మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివేటప్పుడు, కట్నం ఇచ్చిపుచ్చుకోలేదని రెండు కుటుంబాలూ రాసిచ్చిన కాగితం కూడా చదవండి. సంఘస్థుల దగ్గర మిత్తి తీసుకునేవారు బల్ల దగ్గర వడ్డించే పని నుంచి తప్పుకోవాలి. మిత్తి మానిన రోజు తిరిగి రావచ్చు. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంట్లో ప్రభువు బసకు దిగితే ఆయన సగం ఆస్తి బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు కడతానన్నాడు. మన పెద్దలను నాలుగింతలు అడగం, అసలు మీద మిత్తి మాఫీ చేస్తే చాలు. అప్పుల్లో, బెట్టింగుల్లో చిక్కుకున్న పిల్లలు వచ్చి చెప్పుకోవడానికి ఒక మనిషిని పెట్టండి, సంఘం ముందు నిలబెట్టం అని మాటివ్వండి. అభ్యర్థులు వస్తే ఆరాధనలో కూర్చోనివ్వండి, మైకు ఇవ్వకండి.

కుర్చీల మీది పార్టీ గుర్తుల సంగతి కూడా ఈ నెల మీటింగులోనే తేల్చండి. రంగు డబ్బా, కుంచెల ఖర్చు మా స్త్రీల సమాజం పెట్టుకుంటుంది. యూత్ పిల్లలను ఒక శనివారం పంపితే చాలు.

ప్రభువునందు మీ సహోదరి,
దేవరకొండ దిక్కు ఒక సండే స్కూలు టీచరు